దుంపపిండి నూడుల్స్, షుగరు వ్యాధి: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో మా అపార్టుమెంటు మేడమీద నెలకొకసారి వంట తరగతి నడుపుతుంటాను. వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువారే. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డవారు, కొడుకు ఉద్యోగం కోసం హైదరాబాద్ నుంచి వచ్చినవారు, మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నవారు. ప్రతి ఇంట్లోనూ షుగరు ఉన్నవారు ఒక్కరైనా ఉంటారు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. ఆ అధ్యయనానికి ముందుండి పనిచేసింది మా ఊళ్లోనే ఉన్న మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్. ఆ సంఖ్య చూసి వ్యాపారులు బాగానే మేలుకున్నట్టున్నారు. ఏ దుకాణంలో చూసినా 'షుగరు ఉన్నవారికి' అంటూ ఒక అర కనిపిస్తోంది. ఆ అరలో ఈమధ్య దుంపపిండి నూడుల్స్ చేరాయి.

నేను చదివింది ఆహార సాంకేతిక శాస్త్రం, వైద్యం కాదు. అందుకే పిండి గురించి ధైర్యంగా చెబుతాను. మందుల మాట వచ్చినచోట మీ డాక్టరు దగ్గరికే పంపుతాను.

మైదా బదులు దుంపపిండి నూడుల్స్ తింటే షుగరు పెరగదంటున్నారు. నిజమేనా?

పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఎంత త్వరగా పెరుగుతుంది అన్నది ప్యాకెట్టు మీద వేసిన దుంప బొమ్మ చెప్పదు. ఆ దుంపను ఏం చేసి ప్యాకెట్లోకి ఎక్కించారో చూడాలి.

చిలగడదుంపను పలచగా తరిగి, ఎండబెట్టి, మర పట్టిస్తే వచ్చేది దుంపపిండి. పీచు, రంగు, ఖనిజాలు అందులో చాలావరకు మిగులుతాయి. అదే దుంపను నీళ్లు పోసి రుబ్బి, గుడ్డలో వడకట్టి, గిన్నె అడుగున తేరిన తెల్లటి మడ్డిని ఆరబెడితే వచ్చేది స్టార్చ్. పీచు గుడ్డలోనే ఉండిపోయింది. ఈ రెండిటితో చేసినవాటినీ దుకాణంలో 'చిలగడదుంప నూడుల్స్' అనే పేరుతోనే అమ్ముతారు. గాజులా మెరుస్తూ, నమిలితే సాగే కొరియా నూడుల్స్ స్టార్చ్‌తో చేసినవే.

ఇంకొక తిరకాసు నీటిలో ఉంది. వంద గ్రాముల పచ్చి చిలగడదుంపలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. మిగిలినది చాలావరకు నీరే. ఎండబెట్టి పిండి చేశాక అదే వంద గ్రాముల్లో పిండిపదార్థం 80 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 'ఉడకబెట్టిన దుంప రెండు ముక్కలు తింటే నాకేమీ కాలేదు, కాబట్టి ఆ పిండి నూడుల్స్ కూడా పనికొస్తాయి' అనే లెక్క తప్పేది ఇక్కడే.

కనీసం మైదా నూడుల్స్ కంటే మేలే కదా?

అన్నిసార్లూ కాదు. ఈ జవాబు తరగతిలో ఎవరికీ నచ్చదు.

తిన్న ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంత వేగంగా పెంచుతుందో కొలవడానికి గ్లైసీమిక్ సూచిక అనే పద్ధతి ఉంది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో దీన్ని ప్రతిపాదించింది. గ్లూకోజును 100గా పెట్టుకుంటే 55, అంతకు లోపు ఉన్నవి తక్కువ, 70, ఆపైన ఉన్నవి ఎక్కువ. దురుం గోధుమ స్పగెట్టికి ఈ సూచిక 50కి అటూ ఇటూగా వస్తుంది. గోధుమతోనే చేసే తెల్ల రొట్టెకు 70 దాటుతుంది. నూడుల్స్, పాస్తాల్లో గోధుమ మాంసకృత్తులు వలలా అల్లుకుని స్టార్చ్ రేణువులను బిగించి ఉంచుతాయి. జీర్ణరసాలు లోపలికి చేరడానికి సమయం పడుతుంది.

దుంప స్టార్చ్‌లో ఆ వల లేదు. కర్రపెండలం స్టార్చ్‌లో అమైలోజ్ అనే నిదానంగా అరిగే భాగం కూడా తక్కువ. కాబట్టి మైదా మానేసి కర్రపెండలం స్టార్చ్ నూడుల్స్‌కు మారితే కొందరికి పరిస్థితి మెరుగుపడకపోగా చెడుతుంది.

ఈ మాట నేను పుస్తకం చూసి చెబుతున్నది మాత్రమే కాదు. రెండేళ్ల కిందట మా మామగారికి అలాంటివే తెచ్చి, బీన్సు, క్యారెట్టు వేసి, చాలా శ్రద్ధగా చేసి పెట్టాను. రెండు గంటల తర్వాత మీటరు 238 చూపించింది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం 'ఇవాళ్టికి ఇడ్లీ పెట్టమ్మా, చాలు' అన్నారు.

మైదా నూడుల్స్‌ను నేనేమీ వెనకేసుకు రావడం లేదు. వాటిలో పీచు దాదాపు లేదు, చాలావాటిని నూనెలో వేయించి ఆరబెడతారు, మసాలా పొట్లంలో ఉప్పు దండిగా ఉంటుంది. షుగరుతో పాటు రక్తపోటు ఉన్నవారికి ఆ పొట్లమే పెద్ద శత్రువు. అయితే ఆ పొట్లం దుంప నూడుల్స్‌తో కూడా వస్తోంది, గమనించారా?

సూచిక తక్కువ ఉంటే ఎంతైనా తినవచ్చా?

తినకూడదు. సూచిక వేగం చెబుతుంది, బరువు చెప్పదు. ప్లేటులో పడిన పిండిపదార్థాన్ని సూచికతో గుణించి వందతో భాగిస్తే గ్లైసీమిక్ లోడ్ వస్తుంది. 10 లోపు తక్కువ, 20, ఆపైన ఎక్కువ. 70 గ్రాముల గోధుమ నూడుల్స్ ప్యాకెట్టులో పిండిపదార్థం 45 గ్రాములు అనుకుందాం. సూచిక 50 అయితే లోడ్ 22 దాటుతుంది. అంతే బరువున్న స్టార్చ్ నూడుల్స్‌లో పిండిపదార్థం దాదాపు 60 గ్రాములు. సూచిక అదే 50 అనుకున్నా లోడ్ 30. 'దుంపే కదా' అని రెండోసారి వడ్డించుకుంటే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

చిలగడదుంప సూచిక ఒకచోట 45 అనీ, మరోచోట 90 అనీ చదివాను. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. జమైకాలో పది రకాల చిలగడదుంపలను పరీక్షిస్తే నీళ్లలో ఉడికించినవి 41 నుంచి 50 మధ్య వచ్చాయి. నిప్పుల మీద కాల్చినవి, ఓవెన్‌లో పెట్టినవి 79 నుంచి 94 వరకు వెళ్లాయి. దుంప నిదానంగా వేడెక్కేటప్పుడు దానిలోని ఎంజైములు స్టార్చ్‌ను మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతాయి. నిప్పుల్లో కాల్చిన దుంపకు వచ్చే ఆ తేనెలాంటి తీపి అదే. నాలుకకు తెలిసిన సంగతే మీటరుకూ తెలుస్తుంది.

నూడుల్స్ విషయంలో దీన్నుంచి పనికొచ్చే ముక్క ఒకటుంది. పిండి కోసం దుంపను ఓవెన్‌లో కాల్చి, ఆ గుజ్జు ఎండబెట్టమని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు. ఆ దారి వద్దు. పచ్చి ముక్కలను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి ఎండబెట్టండి.

చెన్నైలో ఈ దుంపలు ఏ పేరుతో అడగాలి? కోయంబేడులో కందగడ్డ అడిగితే తెల్లమొహం వేశారు.

తప్పు వాళ్లది కాదు. మనలో మనకే ఈ పేర్ల మీద ఒప్పందం లేదు. కోస్తాలో చిలగడదుంప అన్నది రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ. కోస్తావారు కంద అంటే అది వేరే దుంప, ఏనుగు పాదమంత ఉంటుంది, కోస్తే చేతులు దురద పెడతాయి. మా తరగతిలో ఒకావిడ కంద పచ్చడి చెబితే ఇంకొకావిడ చిలగడదుంపతో చేసుకుని, తీపి పచ్చడి అయిందని వారం తర్వాత ఫిర్యాదు చేశారు.

ఇక్కడ చిలగడదుంపను సర్కరవళ్లి అనీ, కర్రపెండలాన్ని మరవళ్లి అనీ, కందను సేనైకిళంగు అనీ, చేమదుంపను సేప్పంకిళంగు అనీ అడగండి. పొంగలి ముందు వారంలో దుంపలన్నీ రాశులు పోసి ఉంటాయి. ఇంట్లో పిండి చేసుకోవాలనుకునేవారికి అదే అదను. ఆ రాశుల పక్కనే తేగల కట్టలు కూడా ఉంటాయి. తేగ వేరు కాదు, తాటి టెంక నుంచి భూమిలోకి దిగిన మొలక. పీచు బాగా ఉంటుంది, నూడుల్స్‌కు పనికిరాదు, ఉడకబెట్టి నమలడానికే బాగుంటుంది.

అన్ని దుంపల్లో షుగరు ఉన్నవారికి ఏది మేలు?

నన్నడిగితే పీచు తీయని చిలగడదుంప పిండి, అదీ ఒంటరిగా కాదు, పప్పుపిండితో కలిపి. నారింజ రంగు కండ ఉన్న రకమైతే బీటా కెరోటిన్ అదనం. కంద పిండి రుచికి మట్టివాసనగా ఉంటుంది కానీ వేరే పిండిలో పావు వంతు కలిపితే ఇమిడిపోతుంది. చేమదుంప పిండి జిగురు కాబట్టి నూడుల్స్ విరగకుండా పట్టి ఉంచుతుంది, దాన్ని అందుకోసమే కొద్దిగా వాడండి. బంగాళాదుంప స్టార్చ్ గురించి చెప్పడానికేమీ లేదు, కర్రపెండలం గురించి చెప్పిందే దానికీ చెల్లుతుంది. బీట్‌రూట్, క్యారెట్ పొడులు రంగు కోసం వేసేవి. వంద గ్రాముల నూడుల్స్‌లో చెంచాడు బీట్‌రూట్ పొడి వేసి దాన్ని 'బీట్‌రూట్ నూడుల్స్' అనడం వ్యాపారం.

తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963 నుంచీ ఈ పంటల మీదే పనిచేస్తోంది. కర్రపెండలం, చిలగడదుంపలతో పాస్తా, నూడుల్స్ చేయడం మీద అక్కడ చాలా కృషి జరిగింది. సూచిక తగ్గించడానికి వాళ్లూ దుంపపిండికి పీచునూ, మాంసకృత్తులనూ జోడించే దారే పట్టారు. దుంప ఒక్కదానితో పని జరగదని అర్థం.

సగ్గుబియ్యం పిండితో చేయవచ్చా? దానికి జీఐ ఉందని దుకాణదారు చెప్పాడు.

ఉంది. అది వేరే జీఐ. సేలం సగ్గుబియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంగ్లీషులో దాని పొట్టి పేరూ, గ్లైసీమిక్ సూచిక పొట్టి పేరూ ఒకటే కావడం మన ప్రాణానికి వచ్చింది. సగ్గుబియ్యం అంటే గుండ్రంగా చుట్టిన కర్రపెండలం స్టార్చ్. అందులో పీచూ లేదు, మాంసకృత్తులూ లేవు. ఉపవాసం నాడు త్వరగా శక్తి ఇవ్వడమే దాని గొప్ప. షుగరు ఉన్నవారికి ఆ గొప్పే దోషం.

కొంజాక్ నూడుల్స్ అంటే ఏమిటి? వాటికి ఎందుకంత ధర?

వీటినే షిరటాకి అని కూడా అంటారు. కొంజాక్ అనే దుంప నుంచి తీసిన గ్లూకోమన్నన్ అనే కరిగే పీచుతో చేస్తారు. నూటికి 97 పాళ్లు నీరు, మిగిలిన మూడు పాళ్లు ఆ పీచు. సున్నపుతేట కలిపి గట్టిపరుస్తారు. మన పొట్టలోని ఎంజైములు దీన్ని విడగొట్టలేవు కాబట్టి గ్లూకోజు దాదాపు రాదు. దుంపల లోకంలో 'షుగరు పెంచదు' అన్న మాటకు నిజంగా అర్హత ఉన్నది ఇదొక్కటే. జపాన్‌లో పండే కొంజాక్‌లో అత్యధిక భాగం గున్మా అనే ఒక్క ప్రాంతం నుంచే వస్తుంది. సముద్రం దాటి, నీళ్లతో సహా వచ్చేదానికి ధర ఉండదా మరి? మీరు కొనేది చాలావరకు ప్యాకెట్టులోని నీటినే.

మొదటిసారి ప్యాకెట్టు కత్తిరించినప్పుడు కాస్త చేపల వాసన వస్తుంది. చెడిపోయిందని పారేయకండి, అది సున్నపునీటి పుణ్యం. జల్లెడలో పోసి పంపు కింద ఒక నిమిషం బాగా కడగండి. మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి వార్చండి. తర్వాత నూనె వేయకుండా వేడి మూకుడులో వేసి కలుపుతూ ఉండండి. మొదట ఆవిరి లేస్తుంది, కాసేపటికి ఆవిరి తగ్గి గరిట తగిలినప్పుడల్లా కీచుమంటుంది. ఆ చప్పుడు వచ్చాకే పోపు, కూరలు. ఆ పని ఎగ్గొట్టినవాళ్లే 'రబ్బరు నమిలినట్టుంది' అంటారు. కొంజాక్‌కు సొంత రుచి లేదు కాబట్టి చింతపండు పులుసో, మిరియాల చారో తగిలిస్తే బాగుంటుంది. నేనైతే నెల్లూరు చేపల పులుసు మిగిలినప్పుడు అందులోనే వేస్తాను.

రెండు హెచ్చరికలు. నమలకుండా మింగకండి, పళ్లు సరిగా లేని పెద్దవారికి పొట్టిగా కత్తిరించి పెట్టండి. గ్లూకోమన్నన్ పొడిని ఎప్పుడూ పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులోనే ఉబ్బిపోతుంది.

కొంజాక్ మన కందకు చుట్టమేనట. కందపిండితో షిరటాకి చేసుకోలేమా?

చుట్టమే, ఒకే ప్రజాతి. చుట్టరికం ఉన్నంత మాత్రాన గుణాలు రావు కదా. కొంజాక్ గ్లూకోమన్నన్‌ను దాచుకుంటే మన కంద ప్రధానంగా స్టార్చ్‌ను దాచుకుంటుంది. కందపిండిలో సున్నపుతేట పోస్తే గట్టిపడదు. నేను చేసి చూశాను, గిన్నెడు బూడిదరంగు జావ తయారైంది. పారేయడానికి మనసొప్పక చింతచిగురు వేసి పులుసు కాచాను, అదీ కుదరలేదు.

కందలోనూ, చేమలోనూ కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. గొంతు దురదకు కారణం అదే. ఎండబెట్టినంత మాత్రాన పోదు. ముక్కలను చింతపండు నీళ్లలోనో, పుల్ల మజ్జిగలోనో ఉడికించి, వార్చి, అప్పుడు ఎండబెట్టి పిండి పట్టించాలి. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు ఈ రెండు పిండ్లకూ దూరంగా ఉండటమే మంచిది.

పచ్చి కర్రపెండలం నుంచి ఇంట్లో పిండి చేసుకోవచ్చా?

వద్దంటాను. పచ్చి కర్రపెండలంలో సయనైడును విడుదల చేసే పదార్థాలుంటాయి. తొక్క తీసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే తగ్గుతాయి. అంత పని చేశాక చేతికొచ్చే పిండి షుగరు ఉన్నవారికి పెద్దగా మేలు చేసేది కాదు. ఉడికించి కూరగా కొద్దిగా తినండి.

పాలగుండ వాడవచ్చా?

పాలగుండ అంటే ఆరోరూట్ అనే దుంప నుంచి తీసిన స్టార్చ్. అసలుది దొరికితే చిక్కదనానికి ఒక చెంచా వాడండి. షావుకారుపేటలో ఒక దుకాణంలో ఆరోరూట్ అని కొన్న పొడి, తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో మొక్కజొన్న స్టార్చ్ అని ఉంది. ఏదైనా సరే, అది కూడా స్టార్చే.

'గ్లూటెన్ లేదు' అంటే షుగరు ఉన్నవారికి మంచిదనేగా?

సంబంధం లేదు. గ్లూటెన్ గోధుమలోని మాంసకృత్తు, చక్కెర కాదు. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారు దాన్ని మానాలి. మిగిలినవారికి అది లేకపోవడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేది లేదు. సీలియాక్ కూడా ఉంటే మాత్రం దుంప ముక్కలను వీధి మరలో పట్టించకండి. అంతకుముందు పట్టిన గోధుమపిండి గూటిలో మిగిలే ఉంటుంది.

ప్యాకెట్టు మీద ఏం చూడాలి?

ముందువైపు ఏమీ చూడకండి. వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాయాలని మన ఆహార భద్రతా నియమం. మొదటి పేరు టాపియోకా స్టార్చ్ అయి, చిలగడదుంప నాలుగోచోట ఉంటే మీరు కొంటున్నది కర్రపెండలం. తర్వాత వంద గ్రాములకు పిండిపదార్థం, పీచు, మాంసకృత్తులు చూడండి. నేను పీచు ఆరు గ్రాములకు తగ్గితే తిరిగి అరలో పెట్టేస్తాను. ఇది నేను పెట్టుకున్న గీత, నియమం కాదు. ఆఖరున సోడియం. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మసాలా పొట్లం సగమే వేసినా చాలామందికి తేడా తెలియదు.

ఇంట్లో చేస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

గోధుమపిండిలా కలిపి, చపాతీలా ఒత్తి, కత్తితో కోయాలని చూస్తే విరగక ఏమవుతాయి? సాగదీసే గ్లూటెన్ అందులో లేదు. దుంపపిండిని వేడినీళ్లతో కలిపి, గొట్టంలో ఒత్తి, ఆవిరి మీద ఉడికించాలి. చెన్నైలో ఇడియాప్పం చేసే పద్ధతే. మనింట్లో జంతికల గొట్టం ఉంటే చాలు, సన్న కారప్పూస బిళ్ల వేసుకోండి.

ముగ్గురికి 60 గ్రాముల చిలగడదుంప పిండి, 60 గ్రాముల శనగపిండి, ఒక చెంచా ఇసబ్‌గోల్, చిటికెడు ఉప్పు తీసుకోండి. శనగపిండిని ముందుగా మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా సన్న సెగ మీద వేయించాలి, లేకపోతే పచ్చివాసన వదలదు. అన్నీ కలిపి, మరిగిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గరిటతో తిప్పండి. సుమారు 130 మిల్లీలీటర్లు పడతాయి. చేయి పట్టేంత చల్లారాక మర్దన చేసి, తడిగుడ్డ కప్పి పావుగంట వదిలేయండి. ఈ పావుగంటలోనే ఇసబ్‌గోల్ నీరు పీల్చి ముద్దకు పట్టు ఇస్తుంది. వేలితో నొక్కితే గుంట పడాలి, అంచులు పగలకూడదు. పగిలితే చెంచాడు నీళ్లు చల్లి మళ్లీ మర్దన చేయండి.

నూనె రాసిన ఇడ్లీ ప్లేట్లలోకి ఒత్తి, ఎనిమిది నుంచి పది నిమిషాలు ఆవిరి పట్టించండి. దించగానే చేయి పెట్టకండి. ఎవరికీ ఓపిక ఉండదు, నాకూ ఉండదు, కానీ వేడిమీద విడదీస్తే పొడిపొడి అవుతాయి. పూర్తిగా చల్లారితే పోగులు వాటంతటవే విడివడతాయి. ఒక్కొక్కరికి పిండిపదార్థం సుమారు 27 గ్రాములు పడుతుంది. శనగపిండి పుణ్యాన మాంసకృత్తులు కూడా ఉన్నాయి.

ఇసబ్‌గోల్ పడనివారు గ్వార్ గమ్ పావు చెంచా వేసుకోవచ్చు. అదేదో విదేశీ రసాయనం అనుకుని భయపడతారు కానీ, అది గోరుచిక్కుడు గింజల పొడే.

పెసర స్టార్చ్ నూడుల్స్ మంచివంటారు. అవి దుంప కాదుగా?

కాదు. కానీ స్టార్చ్ నూడుల్స్ తినాలనే ఉంటే దుంపవాటికంటే అవే నయం. పెసర స్టార్చ్‌లో అమైలోజ్ ఎక్కువ కాబట్టి సూచిక తక్కువగా వస్తుంది. చూడటానికి దుంప స్టార్చ్ నూడుల్స్‌లాగే ఉంటాయి, వెనకవైపు చదివితే తప్ప తేడా తెలియదు.

వండి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే షుగరు తగ్గుతుందా?

కొంత. ఉడికిన స్టార్చ్ చల్లారేటప్పుడు దానిలో కొంత భాగం మళ్లీ బిగుసుకుని, అరగని పీచులా మారుతుంది. మళ్లీ వేడి చేసినా అందులో కొంత నిలుస్తుంది. చద్దన్నానికీ ఇదే సూత్రం. కానీ ఆ ప్రయోజనం చిన్నది. దాన్ని నమ్ముకుని ఇంకో గరిటెడు వడ్డించుకుంటే వచ్చింది కాస్తా పోతుంది.

నూడుల్స్‌తో పాటు ఏం తినాలి?

ప్లేటులో సగం కూరగాయలు, పావు వంతు గుడ్డో, పనీరో, చేపో, ఉడికించిన శనగలో, పావు వంతు నూడుల్స్. ముందు కూరలూ, గుడ్డూ తిని, నూడుల్స్ ఆఖరున తినండి. ఈ వరుస మార్పుతోనే తిన్న తర్వాతి పెరుగుదల తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. కలిపి వండేసిన నూడుల్స్‌లో అదెలా సాధ్యమని అడగకండి. కూర విడిగా వండుకోండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఏమైనా జాగ్రత్త పడాలా?

తప్పకుండా. ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందుకే నేనే రాసుకున్నాను.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు రోజూ తినే అన్నం మానేసి ఒక్కసారిగా కొంజాక్‌కు మారితే మందు పని మందు చేసుకుపోతుంది, దానికి తగిన పిండిపదార్థం లోపల ఉండదు. షుగరు 70 కంటే కిందికి దిగితే చెమటలు, వణుకు, తికమక. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. వోగ్లిబోస్, ఆకార్బోస్ వాడేవారికి అలాంటప్పుడు మామూలు పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ మాత్రలు దాన్ని విడగొట్టనివ్వవు. అచ్చంగా గ్లూకోజే కావాలి. ఇంట్లో ఒక పొట్లం ఉంచుకోండి.

కొంజాక్, ఇసబ్‌గోల్ వంటివి మాత్రలు ఒంటికి పట్టే వేగాన్ని తగ్గించవచ్చు. రెండిటి మధ్య ఎంత ఎడం ఉంచాలో మీ డాక్టరునే అడగండి. చాలాకాలంగా షుగరు ఉండి, కొద్దిగా తిన్నా కడుపు నిండిపోయినట్టు, తిన్నది కిందికి దిగనట్టు అనిపించేవారు కొంజాక్ జోలికి పోవద్దు. కడుపులోనే ఉండలు కట్టే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు దెబ్బతిని పొటాషియం తగ్గించమన్నవారికి దుంపపిండి కూడా సమస్యే. ఎండబెట్టినప్పుడు పిండిపదార్థంలాగే పొటాషియం కూడా చిక్కబడుతుంది. గర్భిణులు సొంతంగా పిండిపదార్థం తగ్గించుకోకూడదు.

నా ఒంటికి ఏది పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

మీటరుతో. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకోసారి చూడండి. ప్లేటు ఖాళీ అయినప్పటి నుంచి కాదు. చాలామందికి డాక్టర్లు పెట్టే గురి 180 లోపు. మీ గురి వేరే కావచ్చు. నూడుల్స్‌ను తూకం వేసి, ఎంత తిన్నారో రాసుకోండి. ఇంకో రోజు అదే వేళకు, అవే కూరలతో, అంతే బరువున్న వేరే నూడుల్స్. నూనె ఎక్కువైన రోజున పెరుగుదల ఆలస్యంగా వస్తుంది కాబట్టి మూడో గంటకు కూడా చూడటం మంచిది. మా మామగారి నోటుపుస్తకంలో ఇలాంటి పేజీలు పదిహేను దాకా ఉన్నాయి. పైన రాసిన శనగపిండి నూడుల్స్ పక్కన ఆయన ఒక టిక్కు పెట్టుకున్నారు. కొంజాక్ పక్కన 'అంకె బాగుంది, రుచి లేదు' అని రాశారు.

చేసిన పిండి, నూడుల్స్ ఎంతకాలం నిల్వ ఉంటాయి?

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఏప్రిల్, మే ఎండల్లో పలచటి ముక్కలు రెండు రోజుల్లో పెళపెళలాడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ప్రయత్నించకండి, మూడోనాటికి బూజు పడుతుంది. ముక్కను వంచితే వంగకుండా టక్కున విరగాలి, అప్పుడే మరకు పంపాలి. పిండిని గాలి చొరని సీసాలో, బయట ఒక నెల, ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచుకోవచ్చు. ఆవిరి మీద ఉడికించిన నూడుల్స్ ఫ్రిజ్‌లో రెండు రోజులు. మూడోరోజు పులిసిన వాసన తగిలితే పోపు వేసి కప్పిపుచ్చే ప్రయత్నం చేయకుండా పారేయండి.